నలభై ఏళ్ళ వయసులో వెల్డింగు పని నేర్చుకోవచ్చునా?

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో ఎప్పుడూ వినిపించే మాటలు మీకు తెలిసినవే. డి.ఎ. బకాయిలు, పి.ఆర్.సి., హెల్త్ కార్డు, లైఫ్ సర్టిఫికెట్టు. అవన్నీ ముఖ్యమైనవే, కాదనను. అయితే ప్రత్యేక సంచికకు "పెన్షనరు ఇల్లు - పిల్లల బ్రతుకుతెరువు" అనే అంశం మీద నన్ను నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, వెల్డింగు గురించి చెబుతానన్నాను. ఆయన నవ్వి, "మీరు జీవితమంతా కలం పట్టినవారు కదండీ, మీకు వెల్డింగుతో ఏం పని?" అన్నారు. నాకున్న పని ఏమిటో ఈ పావుగంటలో విన్నవించుకుంటాను.

ముందుగా ఒక సంగతి ఒప్పుకుందాం. ఈ హాల్లో కూర్చున్న మనలో చాలామంది ఇళ్ళల్లో ముప్ఫై అయిదు నలభై అయిదు మధ్య వయసున్న కొడుకో అల్లుడో ఉన్నాడు. డిగ్రీ చదివాడు. ఏదో ప్రైవేటు ఆఫీసులో పదిహేనేళ్ళు చేశాడు. ఆ ఆఫీసు మూతపడింది, లేక మనుషుల్ని తగ్గించింది. ఇంకో ఆఫీసుకి వెడితే "మాకు పాతికేళ్ళ కుర్రాళ్ళు కావాలి" అంటున్నారు. పెళ్ళాం, పిల్లలు, స్కూలు ఫీజులు ఉన్నాయి. ఆ సంసారం తండ్రి పెన్షను మీదికి వచ్చి వాలింది. ఈ సంగతి మనం బయటికి చెప్పుకోం. ఎవరైనా అడిగితే "బిజినెస్ చూసుకుంటున్నాడండీ" అంటాం. మన పెన్షను మనతో పోయేది. ఆ తరువాత కుటుంబ పెన్షను మన ఇల్లాలికి వస్తుంది గాని, నలభై ఏళ్ళ ఆరోగ్యవంతుడైన కొడుక్కి రాదు. కనుక ఈ విషయం ఇవాళ మాట్లాడుకోకపోతే రేపు మాట్లాడుకోవటానికి మనం ఉండం.

నేను 1974లో ఎల్.డి.సి.గా చేరి 2008లో సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. సర్వీసులో సగానికి పైగా ఉపాధి, శిక్షణ వ్యవహారాల ఫైళ్ళే చూశాను. ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజి కిటికీకి అటుపక్క నిలబడ్డ కుర్రాళ్ళని వేలమందిని చూశాను. మూడేళ్ళకోసారి కార్డు రెన్యువల్ చేయించుకోవటానికి వచ్చేవారు. మొదటిసారి నూనూగు మీసాలతో వచ్చినవాడు నాలుగోసారి నెరిసిన జుట్టుతో వచ్చేవాడు. ఆ కార్డుల్లో బి.ఏ., బి.కాం. పెట్టెలు నిండిపోయి ఉండేవి. వెల్డరు, ఫిట్టరు, టర్నరు పెట్టెలు మాత్రం ఎప్పుడూ పలచగానే ఉండేవి. కంపెనీవాళ్ళు పేర్లు అడిగినప్పుడు ఆ పెట్టెలే ముందు ఖాళీ అయ్యేవి. ఈ లెక్క నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. కార్డులు తిరగేసిన నా వేళ్ళకు తెలిసింది.

ఇక మా ఇంటి సంగతి. మా రెండోవాడు బి.కాం. ఒక ప్రైవేటు ఫైనాన్సు ఆఫీసులో పద్నాలుగేళ్ళు పనిచేశాడు. నెలకి 24,000 దాకా వచ్చేది. 2020లో కరోనా వచ్చిన ఏడాది ఆ బ్రాంచి ఎత్తేశారు. ఏడాదిపాటు తిరగని ఆఫీసు లేదు. 2021 వేసవిలో ఒకరోజు భోజనాలయ్యాక వచ్చి కూర్చుని, "నాన్నగారూ, ఐ.టి.ఐ.లో చేరి వెల్డింగు నేర్చుకుందామనుకుంటున్నాను" అన్నాడు. అప్పటికి వాడికి నలభై నిండాయి. మా ఆవిడ చేతిలో మజ్జిగ గ్లాసు అలాగే పట్టుకుని నిలబడిపోయింది. "ఏమండీ, వాడికి మీరైనా చెప్పండి. డిగ్రీ చదివించింది ఇనుము అతకటానికా?" అంది. నేను ఔననలేదు, కాదనలేదు. "వివరాలు కనుక్కుని కాగితం మీద పెట్టు, అప్పుడు మాట్లాడదాం" అన్నాను. గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది!

ఆ వివరాలు మీకూ పనికివస్తాయి కనుక చెబుతాను.

చాలామంది ఐ.టి.ఐ. శిక్షణ, అప్రెంటిస్‌షిప్ ఒకటే అనుకుంటారు. రెండూ వేరు. ఐ.టి.ఐ. అనేది బడి. కేంద్ర ప్రభుత్వం 1950లో మొదలుపెట్టిన శిక్షణ పథకం కింద ఇవి నడుస్తున్నాయి. వెల్డరు ట్రేడు ఒక ఏడాది కోర్సు. ఎనిమిదో తరగతి పాసైతే చాలు. చేరటానికి కనీసం 14 ఏళ్ళు నిండాలి. పై వయసుకు హద్దు లేదు. దీన్ని చాలామంది నమ్మరు. తాతగారైనా చేరవచ్చును. పరీక్ష పాసైతే జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్టు ఇస్తారు.

అప్రెంటిస్‌షిప్ అనేది పనిచోట నేర్చుకోవటం. దీనికి 1961 నాటి అప్రెంటిసుల చట్టం ఉంది. యజమానికి, అప్రెంటిసుకు మధ్య ఒప్పందం రాసుకుని రిజిస్టరు చేయించాలి. నెలనెలా స్టైపెండు ఇవ్వాలి. 2019లో సవరించిన నియమాల ప్రకారం చదువును బట్టి కనీస స్టైపెండు 5,000 నుంచి 9,000 రూపాయల మధ్య నిర్ణయించారు. పని చేస్తుండగా దెబ్బ తగిలితే నష్టపరిహారం యజమాని బాధ్యత. అయితే ఇంకో మాట కూడా ఆ చట్టంలోనే ఉంది. అప్రెంటిసు శిక్షణార్థి మాత్రమే, కార్మికుడు కాడు. గడువు తీరాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిర్బంధం లేదు. చట్టంలో పై వయసు పరిమితి లేకపోయినా, రైల్వేలాంటి పెద్ద సంస్థలు తమ ప్రకటనల్లో 24 ఏళ్ళని హద్దు పెట్టుకుంటాయి. కనుక నలభై ఏళ్ళవాడు పెద్ద గేటు ముందు నిలబడి లాభం లేదు. చిన్న గేట్లు వెతుక్కోవాలి.

వాడు ఈ వివరాలన్నీ రాసుకొచ్చాక మేం ఇంట్లో ఒక నోటు రాసుకున్నాం. నాలుగే షరతులు. ఒకటి: ఏడాదిపాటు బియ్యం, పప్పు, పిల్లల ఫీజులు నా పెన్షనులోంచి. రెండు: నా డిపాజిట్ల జోలికి ఎవరూ రాకూడదు. మూడు: ఏడాది పూర్తయ్యేదాకా సొంత మెషీను, సొంత షెడ్డు అన్న మాట ఎత్తకూడదు. నాలుగు: కోడలు మిషను కుట్టి సంపాదించేది ఆమెదే, దాన్ని ఎవరూ అడగకూడదు. వాడు సంతకం పెట్టాడు, నేను పెట్టాను, మా ఆవిడ చేత కూడా పెట్టించాను.

మూడో షరతు గురించి మీకు ప్రత్యేకంగా మనవి చేస్తున్నాను. కొడుకు ఏదో పని మొదలుపెడతానంటే మనం చేసే మొదటి పని గ్రాట్యుటీ డబ్బు తీసి చేతిలో పెట్టటం. పని రానివాడి చేతిలో మెషీను పెడితే అది ఆరు నెలల్లో పాతసామాన్ల కొట్టుకి చేరుతుంది. డబ్బు అప్పటికే పోయి ఉంటుంది. ముందు పని, తరువాత పనిముట్టు.

ఇప్పుడు అసలు ఈ పని ఏమిటో చెప్పాలి. మనలో చాలామంది రోడ్డు పక్కన గేట్లు, గ్రిల్లులు చేసే షెడ్డు చూసి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని పోయినవాళ్ళమే. లోపల జరిగేది ఇది. కరెంటు మెషీను నుంచి రెండు కేబుళ్ళు వస్తాయి. ఒకటి ఎర్తు, ఇనుముకి తగిలిస్తారు. రెండోది హోల్డరు, దానికి రాడ్డు పెడతారు. రాడ్డు కొసను ఇనుముకి అగ్గిపుల్ల గీసినట్టు గీసి, వెంట్రుకవాసి ఎత్తితే మధ్యలో ఆర్కు వెలుగుతుంది. ఇనుము కరగటానికి సుమారు 1,500 డిగ్రీలు చాలు. ఆర్కులో వేడి అంతకు కొన్ని రెట్లు. ఆ వేడికి రాడ్డు, ఇనుము కలిసి చిన్న మడుగులా కరుగుతాయి. రాడ్డు పైనున్న మందు కాలి పొగై, ఆ మడుగుకి గాలి తగలకుండా కాపాడుతుంది. చల్లారాక పైన స్లాగు అనే పెంకు కడుతుంది. దాన్ని చిప్పింగ్ సుత్తితో కొట్టి, తీగ బ్రష్షుతో రుద్దితే అతుకు బయటపడుతుంది.

చెప్పటానికి ఇంతే. చేతికి రావటానికి మాత్రం నెలలు పడుతుంది. రాడ్డు కరిగేకొద్దీ పొట్టిదవుతుంటుంది. చెయ్యి అంతకంతా కిందికి దిగాలి. అదే సమయంలో పక్కకి జరగాలి. ఎడం ఎక్కువైతే చిటపటలాడి చుక్కలు చిమ్ముతుంది. తక్కువైతే రాడ్డు అతుక్కుపోతుంది. 3.15 మిల్లీమీటర్ల రాడ్డుకి సుమారు 90 నుంచి 130 ఆంపియర్ల దాకా కరెంటు పెడతారు. పల్చటి రేకుకి ఎక్కువ పెడితే కన్నం పడుతుంది, మందపాటి ప్లేటుకి తక్కువ పెడితే పైపైన పేరుకుంటుంది తప్ప లోపలికి దిగదు. అన్నీ సరిగ్గా కుదిరితే నూనెలో అప్పడం వేగినట్టు ఒకే చప్పుడు వస్తుందని, చెవితోనే పని తెలుస్తుందని మావాడు చెప్పాడు. చిన్నప్పుడు నాలుగు గీతల కాపీ పుస్తకంలో అక్షరాలు దిద్దటం గుర్తు తెచ్చుకోండి. అదే దిద్దుబాటు. మొదట నేల మీద ప్లేటు పెట్టి గీత వెయ్యటం, తరువాత మూల అతకటం, తరువాత నిలువుగా, ఆఖరికి తలపైన. తలపైన వేసేటప్పుడు కరిగిన ఇనుము కిందికి, అంటే మన మీదికి, రావాలని చూస్తుంది.

నలభై ఏళ్ళవాడికి ఇందులో వచ్చే కష్టాలు కుర్రాడికి రానివి. మొదటిది చత్వారం. ఆర్కు దగ్గర అడుగు దూరంలో ఆ మడుగు అంచుని చూస్తూ ఉండాలి. మావాడికి నెలరోజులు గీత వంకరే వచ్చింది. పక్కనున్న పదిహేడేళ్ళ పిల్లలు పది రోజుల్లో తిన్నగా వేసేశారు. చెయ్యి వణుకుతోందని వీడు బెంగపెట్టుకున్నాడు. అక్కడి ఇన్‌స్ట్రక్టరు, వీడికంటే చిన్నవాడు, "చెయ్యి కాదండీ, కళ్ళు చూపించుకోండి" అన్నాడట. కళ్ళడాక్టరు దగ్గరి చూపుకి అద్దాలు రాశారు. హెల్మెట్టు లోపల నల్లద్దం వెనక పెట్టుకునే భూతద్దపు బిళ్ళ కూడా దొరుకుతుంది, ఖరీదు పెద్దగా ఉండదు. ఆ వారంలోనే గీత తిన్నగా వచ్చింది. మన పిల్లలెవరైనా ఈ వయసులో ఈ పనికి వెడితే, ఫీజు కట్టకముందే కళ్ళు పరీక్ష చేయించండి.

రెండోది మోకాళ్ళు, నడుము. పదిహేనేళ్ళు కుర్చీలో కూర్చున్న మనిషి రోజంతా గొంతుక్కూర్చుని పనిచెయ్యాలి. దీనికి మందు లేదు, అలవాటే. మూడు నెలలు మా ఆవిడ రోజూ రాత్రి వేణ్ణీళ్ళు కాచి ఇచ్చింది.

మూడోది మనసు. క్లాసులో పిల్లలు వీణ్ణి "అంకుల్" అనేవారు. కొన్నాళ్ళకి "బాబాయ్" అన్నారు. అప్పటినుంచి తేలికపడిందని చెప్పాడు. అయితే వయసు వల్ల లాభాలూ ఉన్నాయి. వేళకు వెళ్ళటం, కొలత రెండుసార్లు చూసుకోవటం, డ్రాయింగు చదవటం, రికార్డు శుభ్రంగా రాయటం, చెప్పింది విని మాట్లాడకుండా చెయ్యటం. వీటిలో పిల్లలు వీడి దగ్గరికి వచ్చేవారు.

పెద్దవయసులో ఈ పని నేర్చుకున్నవాళ్ళు ప్రపంచంలో లేకపోలేదు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా ఓడల కార్ఖానాల్లో మగవాళ్ళు సైన్యానికి పోతే, అప్పటిదాకా ఇల్లు చూసుకున్న ఆడవాళ్ళు, కొట్లలో పనిచేసినవాళ్ళు, రైతులు కొద్ది వారాల శిక్షణతో వెల్డర్లయ్యారు. లిబర్టీ ఓడలనే రకం ఒక్కటే 2,710 కట్టారు. అదే చరిత్రలో ఒక హెచ్చరిక కూడా ఉంది. 1943 జనవరిలో పోర్ట్‌లాండు రేవులో, కట్టి ఉన్న షెనెక్టడీ అనే కొత్త చమురు ఓడ పెద్ద చప్పుడుతో దాదాపు రెండు ముక్కలయింది. చలికి పెళుసెక్కే ఉక్కు ఒక కారణం, అతుకుల్లోని లోపాలు మరో కారణం. అతుకు పైకి అందంగా ఉన్నంత మాత్రాన సరిపోదు. లోపల గాలిబుడగలు ఉండవచ్చు, అడుగుదాకా దిగి ఉండకపోవచ్చు. అందుకే ముఖ్యమైన చోట్ల ఎక్స్‌రే తీస్తారు, నమూనా ముక్కను వంచి చూస్తారు. వెల్డింగులో నిజాయితీ కంటికి కనబడని చోట ఉంటుంది. మనం ఆడిట్‌కి భయపడ్డామే, అలాంటిదే అనుకోండి.

ఇక ప్రమాదాల సంగతి. ఇది తల్లిదండ్రులుగా మనం తప్పక తెలుసుకోవలసినది. మొదటిది కళ్ళు. ఆర్కు వెలుగులో మన కంటికి కనబడని కిరణాలుంటాయి. ఒక్కసారి చూసినా అప్పటికి ఏమీ తెలియదు. కొన్ని గంటల తరువాత కళ్ళలో ఇసుక పోసినట్టవుతుంది. ఒకరోజు మావాడు హెల్మెట్టు ఎత్తి ఉండగా పక్క బూతులో కుర్రాడు ఆర్కు కొట్టాడు. రాత్రి పదకొండింటికి లేచి కూర్చున్నాడు. మా ఆవిడ బంగాళాదుంప ముక్కలు కోసుకొచ్చింది. వద్దని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. చుక్కలు వేశారు, రెండు రోజులకు సర్దుకుంది. ఇలాంటప్పుడు చిట్కాలు పెట్టకండి.

రెండోది పొగ. జింకు పూసిన రేకులు, పైపులు వెల్డు చేస్తే ఆ పొగకి సాయంత్రం చలిజ్వరం వస్తుంది. మామూలు జ్వరమనుకుని ఊరుకుంటారు. వెల్డింగు పొగ క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన సంస్థ 2017లో నిర్ధారించింది. కనుక గాలి ఆడే చోట పని, తగిన మాస్కు, పొగకి ఎదురుగా ముఖం పెట్టకపోవటం తప్పనిసరి. మూడోది కరెంటు. ఆర్కు లేనప్పుడు కూడా హోల్డరు దగ్గర సుమారు 50 నుంచి 80 ఓల్టుల దాకా ఉంటుంది. తడి చేతులు, చెమటపట్టిన బనియను, వానకి తడిసిన నేల కలిస్తే అదే ప్రాణం తీస్తుంది. నాలుగోది మంట. పాలిస్టరు చొక్కా, ప్యాంటు ఒంటికి అంటుకుపోతాయి. నూలు బట్టలే కట్టాలి. తోలు గ్లవ్సు, బూట్లు ఉండాలి. ఉంగరం, గడియారం తీసేసి వెళ్ళాలి. ఎసిటిలీను సిలిండరు ఎప్పుడూ నిలబెట్టే ఉంచాలి.

మనకు సంబంధించినది ఇంకొకటి ఉంది. మనలో కొందరికి గుండెకు పేస్‌మేకరు పెట్టారు. కొడుకు పని ఎలా చేస్తున్నాడో చూద్దామని వెల్డింగు మెషీను దగ్గరికి వెళ్ళకండి. దాని కేబుళ్ళ చుట్టూ ఉండే అయస్కాంత ప్రభావం పేస్‌మేకరుని తికమకపెట్టగలదు. ముందు మీ డాక్టరుగారిని అడగండి.

మావాడు 2022లో ఐ.టి.ఐ. పాసయ్యాడు. తరువాత అప్రెంటిస్‌షిప్ కోసం తిరిగితే నలుగురు కాదన్నారు. అందులో ఒకాయన, "మా మేస్త్రి కంటే మీరే పెద్దవారు, ఆయన మీకు పనెలా చెబుతాడండీ?" అని మర్యాదగానే అన్నాడు. ఐదోచోట ట్యాంకులు, పైపులు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో తీసుకున్నారు. ఏడాది ఒప్పందం, నెలకి 7,000. ఇరవై నాలుగు వేలు తెచ్చిన మనిషి ఏడు వేలు తెచ్చి తల్లి చేతిలో పెట్టాడు. ఆవిడ దేవుడి దగ్గర పెట్టి కళ్ళు తుడుచుకుంది. సంతోషానికో బాధకో నేను అడగలేదు. ఇంటి నోటులో ఏడాది అని రాసుకున్నాం గనుక, రెండో ఏడాదికి మళ్ళీ కూర్చుని పొడిగింపు రాసుకున్నాం. ఫీజులు నావి, బియ్యం పప్పు వాడివి అని మార్చుకున్నాం.

అక్కడ నేర్చుకున్నది ఐ.టి.ఐ.లో నేర్పేది కాదు. అక్కడి మేస్త్రి వీడికి మొదటి నెల రాడ్డే ఇవ్వలేదట. గ్రైండరు పట్టించాడు, అంచులు చెక్కించాడు, టాకులు వేయించాడు. "అంచు సరిగ్గా లేకపోతే అతుకు నీ చేతిలో లేదు" అనేవాడట. 7018 అనే రకం రాడ్డుని ఓవెనులో 300 డిగ్రీలకు పైగా వేడిచేసి ఆరబెట్టకుండా వాడితే, అందులో చెమ్మ వల్ల అతుకు తరువాత చిట్లుతుందని అక్కడే చేతితో తెలిసింది. మా ఇంట్లో అప్పడాలు ఎండబెట్టినంత శ్రద్ధగా ఆ రాడ్లని చూస్తామని వాడే చెప్పాడు.

2023 చివరికి అప్రెంటిస్ సర్టిఫికెట్టు వచ్చింది. ఆ కంపెనీలో ఖాళీ లేదన్నారు. మరోచోట చేరాడు. ఇప్పుడు రోజుకి 900 చొప్పున వస్తోంది, పని ఉన్న రోజుల్లో. వానాకాలం కొన్ని రోజులు ఉండదు. లెక్కవేస్తే పాత జీతం కంటే ఎక్కువేమీ లేదు. మోకాళ్ళ నొప్పి పూర్తిగా పోలేదు. ఇది చెప్పకుండా దాచి "వెల్డింగులో లక్షలు" అని చెబితే మీకు ద్రోహం చేసినవాడినవుతాను. కాని 2020లో వాడి బ్రతుకు ఒక బ్రాంచి మేనేజరు సంతకంలో ఉండేది, ఇప్పుడు వాడి చేతిలో ఉంది. ఈ షెడ్డు మూస్తే ఇంకో షెడ్డుకి వెడతాడు.

ఇక్కడినుంచి పైకి దారి కూడా ఉంది. 45 డిగ్రీలు వాలుగా బిగించిన పైపుని కదపకుండా చుట్టూ వెల్డు చేసే పరీక్షని 6జి అంటారు. అది పాసైతే రిఫైనరీలు, పవర్ స్టేషన్లు, గల్ఫు దేశాల పనులు అందుతాయి. బాయిలర్ల పనికి బాయిలర్ల శాఖ పరీక్ష వేరే ఉంది. తిరుచిరాపల్లిలో బి.హెచ్.ఇ.ఎల్. వారి వెల్డింగు పరిశోధన సంస్థ 1975 నుంచి ఉంది, అక్కడ వెల్డర్లకు శిక్షణ కూడా ఇస్తారు. గల్ఫు అనగానే డబ్బు కట్టేవారికి ఒక్క మాట. ప్రభుత్వం దగ్గర రిజిస్టరైన ఏజెంటేనా కాదా చూడండి, రసీదు లేని పైసా ఇవ్వకండి, విజిట్ వీసా మీద పనికి పంపుతానంటే ఆ గుమ్మం దిగి వచ్చేయండి.

ఆ పరీక్షల్లో ఒక తమాషా ఉంది. అమెరికా వారి ఏ.ఎస్.ఎం.ఇ. కోడు ప్రకారం, పాసైన వెల్డరు అయినా ఆ పద్ధతిలో ఆరు నెలలపాటు పని చెయ్యకపోతే అతని అర్హత చెల్లదు, మళ్ళీ పరీక్ష ఇవ్వాలి. ఇది విని నేను మావాడితో, "మేం ఏడాదికోసారి బ్రతికి ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్టు ఇస్తే చాలు. మీరు ఆరు నెలలకోసారి చెయ్యి బ్రతికి ఉందని చూపించాలన్నమాట" అన్నాను. వాడు నవ్వి, "అవును నాన్నగారూ, మీది ట్రెజరీకి, మాది ఇనుముకి" అన్నాడు.

గౌరవం సంగతి కూడా చెప్పి ముగిస్తాను. బంధువుల పెళ్ళిలో ఒకావిడ మా ఆవిడని, "మీ రెండోవాడు ఇప్పుడు ఏ ఆఫీసు వదినా?" అని అడిగింది. మా ఆవిడ ఒక్క క్షణం ఆగి, "ఆఫీసు కాదమ్మా, వెల్డరు" అంది. ఆ అడిగినావిడ మరుసటి వారం మా ఇంటికి వచ్చి, తన అల్లుడు ఎనిమిది నెలలుగా ఖాళీగా ఉన్నాడని, ఐ.టి.ఐ. అప్లికేషను ఎప్పుడు పెట్టాలని అడిగి వెళ్ళింది. మనం నోరు విప్పి చెబితే అవతలివారికి దారి దొరుకుతుంది.

అందరికీ వెల్డింగే పట్టమని నేను అనటం లేదు. కళ్ళు, ఊపిరితిత్తులు, నడుము బాగోనివారికి ఇది తగదు. ఎలక్ట్రీషియను, ప్లంబరు, ఏ.సి. మెకానిక్కు, ఇలా చాలా ఉన్నాయి. చెప్పదలచుకున్నదల్లా ఇంతే: నలభై ఏళ్ళకు బడికి వెళ్ళటం తలవంపు కాదు. వెళ్ళే బిడ్డకు ఒక ఏడాదో రెండేళ్ళో అన్నం పెట్టటం మన చేతిలో ఉంది. ఆస్తి అమ్మి పెట్టనక్కరలేదు, లెక్క రాసుకుని పెట్టండి.

సంఘానికి నా విజ్ఞప్తులు మూడు. ఒకటి, ఏటా ఐ.టి.ఐ. అడ్మిషన్ల తేదీలు మన సంఘం నోటీసు బోర్డు మీద పెట్టాలి. రెండు, మన సభ్యుల్లో రిటైరైన ఐ.టి.ఐ. ఇన్‌స్ట్రక్టర్లు, వర్కుషాపు మెకానిక్కులు ఉన్నారు. వారు నెలకో ఆదివారం రెండు గంటలు ఇక్కడ కూర్చుంటే, మన పిల్లలు వచ్చి సందేహాలు అడుగుతారు. మూడు, పనిలో స్థిరపడిన మన పిల్లల వివరాలు వారు ఒప్పుకుంటే మన పత్రికలో వెయ్యాలి, ఆఫీసరయినవాడి ఫోటో వేసినంత సంతోషంగా వెయ్యాలి.